మూడు నెలల లోపు కరెంటు బిల్లు ఉన్నవాడే మనిషి

"నేను ఆలోచిస్తున్నాను, కాబట్టి నేను ఉన్నాను" అన్నాడు ఫ్రెంచి తత్వవేత్త దెకార్త్. ఆయన పారిస్‌లో మేధావుల మధ్య పుట్టాడనుకునేరు. తూరెన్ ప్రాంతంలో ఓ చిన్న ఊళ్ళో పుట్టాడు, ఇప్పుడు ఆ ఊరి పేరే దెకార్త్. ఫ్రాన్స్‌లో అలాంటి ఊళ్ళోనే కాపురం పెట్టిన అనుభవంతో ఆయన వాక్యానికి వినయంగా ఒక సవరణ ప్రతిపాదిస్తున్నాను. ఆలోచిస్తే సరిపోదు. మూడు నెలల లోపు తేదీ ఉన్న కరెంటు బిల్లు, ఒరిజినల్ ఒకటి, జిరాక్స్ ఒకటి పట్టుకురావాలి. అప్పుడే మీరు ఉన్నట్టు. దెకార్త్ మాత్రం పెద్దయ్యాక ఇరవై ఏళ్ళు హాలెండ్‌లోనే గడిపాడు, ఊళ్ళు మారుస్తూ, ఇళ్ళు మారుస్తూ. ఎందుకలా తిరిగాడో ప్రొఫెసర్లు ఏవేవో కారణాలు రాశారు. నాకైతే ఏ సందేహమూ లేదు. బిల్లు అడిగే లోపే సామాను సర్దేసేవాడు.

ఇప్పుడీ గొడవ ఎందుకంటే, మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది. పచ్చటి కొండ, రాతి ఇల్లు, కిటికీలో ఎర్ర పూలు, వెనకాల పియానో. "ఫ్రాన్స్‌లో వంద రూపాయలకే ఇల్లు! ఆలసించిన ఆశాభంగం!" మా మేనమామ కొడుకు నాకు విడిగా మెసేజ్ పెట్టాడు: "బావా, నువ్వు అక్కడే ఉన్నావుగా, రెండు చూసిపెట్టు." రెండు! ఏదో సంతలో వంకాయలు ఏరిపెట్టమన్నట్టు.

వీడియోలో చెప్పింది పూర్తి అబద్ధమేం కాదు. మధ్య ఫ్రాన్స్‌లో ఆంబేర్ అని ఒక ఊరుంది, నీలం చారల జున్నుకి ప్రసిద్ధి, ఏడు వేల లోపు జనం. 2025లో ఆ ఊరివాళ్ళు పాడుబడిన ఇళ్ళు కొన్ని ఒక్క యూరోకే ఇస్తామని ప్రకటించారు. అయితే మరమ్మతు మొత్తం మనదే, అదే ఇంట్లో కనీసం మూడేళ్ళు మనమే ఉండాలి. పైకప్పు లేని ఇంటికి ఇక్కడి మేస్త్రీ, వడ్రంగి, ప్లంబరు వేసే లెక్క చూస్తే ఆ ఒక్క యూరో కూడా ఎందుకు తీసుకున్నారా అనిపిస్తుంది. వీడియోలో పియానో ఆగకుండా మోగుతోంది కాబట్టి ఈ భాగం ఎవరికీ వినపడలేదు.

సరే, డబ్బున్నవాళ్ళు కొనుక్కుంటారు. నాకు ఇల్లు కొనాలని లేదు, ఉద్యోగం వచ్చింది కాబట్టి అద్దెకి కావాలి, అంతే. ఆ ఉద్యోగం వచ్చిన ఊరు ఇదీ: ఒక చర్చి, సోమవారం మూసి ఉండే బేకరీ, పచ్చ శిలువ వెలుగుతూ ఉండే మందుల షాపు, 1914 యుద్ధంలో పోయిన కుర్రాళ్ళ పేర్లు చెక్కిన రాయి. ఆ రాయి మీద ఉన్నంతమంది కుర్రాళ్ళు ఇప్పుడు ఊళ్ళో లేరు. వీధిలో సగం ఇళ్ళు కిటికీ చెక్కలు బిగించి, "అమ్మబడును" బోర్డు అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. ఇలాంటి చోట ఇల్లు దొరకడం ఎంతసేపు అనుకుంటాం కదా.

అద్దె ఇళ్ళ ఏజెన్సీ మదాం చాలా మర్యాదస్తురాలు. ఇల్లు ఖాళీగా ఉంది మస్యూ, తప్పకుండా ఇస్తాం, మీ ఫ్రెంచి బ్యాంకు ఖాతా వివరాల కాగితం ఇవ్వండి అంది. బ్యాంకుకి వెళ్ళాను. బ్యాంకు మదాం ఇంకా మర్యాదస్తురాలు. "బోంజూర్" అని ముందు నేను అనాలి, అనకపోతే నేను మనిషినో, గాలికి తలుపు తెరుచుకుందో ఆవిడకి తేలదు. అన్నాను. ఖాతా కావాలన్నాను. ఇంటి అడ్రసు రుజువు ఇవ్వండి అంది. జుస్టిఫికాతిఫ్ ద దొమిసిల్. ఫ్రాన్స్ వచ్చేవాళ్ళు బోంజూర్ కంటే ముందు నేర్చుకోవాల్సిన మాట ఇది.

"ఇల్లు లేదండీ, ఇంటి కోసమే ఖాతా."

"ఖాతా ఇస్తాం మస్యూ, ఇంటి కాగితం తెండి."

"ఖాతా ఉంటే ఇల్లిస్తామన్నారు."

"అవును మస్యూ. ఇల్లుంటే ఖాతా ఇస్తాం."

అభిప్రాయభేదమే లేదు. ఆవిడ చెప్పేదాన్ని నేను ఒప్పుకుంటున్నాను, నేను చెప్పేదాన్ని ఆవిడ ఒప్పుకుంటోంది. ఇంత సామరస్యంగా సాగిన సంభాషణ నా పెళ్ళిచూపుల్లో కూడా జరగలేదు. పోనీ కరెంటు బిల్లు తెస్తే చాలా అన్నాను. చాలు, మూడు నెలల లోపుదై ఉండాలి అంది. కరెంటు కంపెనీకి ఫోన్ చేశాను. వాళ్ళకి కావలసినవి రెండే రెండు: ఇల్లు, బ్యాంకు ఖాతా.

ఈ దేశంలో బ్యాంకు ఖాతా ఉండటం చట్టబద్ధమైన హక్కు, 1984 నుంచీ. ఏ బ్యాంకైనా కాదంటే సెంట్రల్ బ్యాంకుకి అర్జీ పెట్టుకోవచ్చు, వాళ్ళే ఒక బ్యాంకుని నిర్ణయించి ఖాతా ఇప్పిస్తారు. ఎంత గొప్ప చట్టమో చూడండి, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. ఆ అర్జీకి జతపరచవలసిన కాగితాల్లో ఒకటి అడ్రసు రుజువు అన్న చోటికి వచ్చేసరికి పూర్తిగా చెమర్చాయి.

దీనికో దారి ఉంది, అందరూ ఆ దారినే బతుకుతున్నారు. ఇప్పటికే ఇక్కడ ఉన్న మనిషి ఎవరైనా "ఇతను మా ఇంట్లో ఉంటున్నాడు" అని రాసి సంతకం పెట్టి, తన గుర్తింపు కార్డు నకలు, తన కరెంటు బిల్లు నకలు ఇవ్వాలి. అంటే నా ఉనికి ఇంకొకరి బిల్లు మీద అద్దెకి ఉంటుంది. ఆఫీసులో ఒక పుణ్యాత్ముడు ఒప్పుకున్నాడు. తీరా చూస్తే బిల్లు వాళ్ళావిడ పేరు మీద ఉంది. అయితే ఉత్తరం ఆవిడే రాయాలి, కార్డు ఆవిడదే కావాలి. రాసింది, ఇచ్చింది, చల్లని తల్లి. బ్యాంకు మదాం బిల్లు అందుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, తేదీ చూసి, విచారంగా తల ఊపింది. ఆ బిల్లుకి మూడు నెలలు దాటి నాలుగు రోజులైంది. ఎందుకు దాటింది? ఇక్కడ చాలామంది అంచనా లెక్క మీద నెలనెలా సమానంగా కట్టేస్తారు, అలా కట్టేవాళ్ళకి అసలు బిల్లు ఏడాదికి ఒక్కసారే వస్తుంది. అంటే దేశంలో సగం సంసారాలు ఏడాదిలో మూడు నెలలు మాత్రమే ఉనికిలో ఉండి, మిగతా తొమ్మిది నెలలు ఆవిరైపోతున్నాయి. వాళ్ళకి మాత్రం ఒక సౌకర్యం ఉంది. వెబ్‌సైట్‌లోకి వెళ్ళి, "ఇతను మా కస్టమరే" అని ఈ రోజు తేదీతో కాగితం డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. నిన్నటి వరకు లేనివాడు ఒక క్లిక్కుతో ప్రత్యక్షమవుతాడు. మన పురాణాల్లో దీనికి తపస్సు చేయాల్సి వచ్చేది.

ఇల్లు దొరికింది లెండి, అది వేరే కథ. తర్వాత జనన ధృవీకరణ పత్రం అడిగారు. ఎప్పటిది కావాలో చెప్పండి చూద్దాం.

మూడు నెలల లోపుది.

నేను పుట్టి మూడు నెలలు కాలేదా? మా నాయనమ్మని అడిగితే "దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు" అనేది, అంతకుమించి ఆవిడ దగ్గర రికార్డు లేదు. తేదీ పెట్టింది బళ్ళో చేర్చుకున్న హెడ్మాస్టరు. నా వయసు వాళ్ళలో సగం మంది జూన్‌లో పుట్టి ఉంటారు, ఎందుకంటే బళ్ళు జూన్‌లో తెరుస్తారు. ఇంతకీ ఫ్రెంచివాళ్ళ కోరిక వెనక ఒక కారణం ఉంది, అది తెలిశాక కోపం ఇంకా పెరిగింది. ఇక్కడ జనన రిజిస్టరు ఒకసారి రాసి మూసేసే పుస్తకం కాదు. పెళ్ళయితే ఆ పేజీ మార్జిన్‌లో రాస్తారు, విడాకులైతే దాని కింద రాస్తారు, పోతే అదీ అక్కడే. కాబట్టి తాజా నకలు తెమ్మనడంలో అర్థముంది. మన దగ్గర పుట్టుక ఒకసారి రాశాక ఇంక ఆ కాగితం జోలికి ఎవరూ వెళ్ళరు. మనిషి నాలుగు పెళ్ళిళ్ళు చేసుకున్నా మన బర్త్ సర్టిఫికెట్ చలించదు. ఇది వివరించాను, బొమ్మ గీసి మరీ వివరించాను. కౌంటరులో ఉన్నాయన శ్రద్ధగా విని, అర్థమైంది మస్యూ, అయితే మూడు నెలల లోపుది తీసుకురండి అన్నాడు. దాని మీద అపొస్తిల్ ముద్ర, అంటే కాగితం అసలుదేనని పరాయి దేశానికి చెప్పే ముద్ర, దానికి కోర్టు జాబితాలో పేరున్న అనువాదకుడి చేత ఫ్రెంచి అనువాదం, ఆయన ముద్ర. ఇవన్నీ అయ్యేసరికి కాగితానికి మూడు నెలలు నిండి పుట్టినరోజు దగ్గరపడుతోంది.

ఈ సందర్భంలోనే నాకు గొర్రెల సంగతి తెలిసింది. 2019లో ఆల్ప్స్ కొండల కింద ఈజేర్ జిల్లాలో క్రెట్-ఆన్-బెల్దోన్ అనే ఊళ్ళో, పిల్లల సంఖ్య తగ్గిందని బళ్ళో ఒక తరగతి మూసేస్తామన్నారు. తల్లిదండ్రులు మొత్తుకున్నారు, ఎవరూ వినలేదు. అప్పుడు ఒక రైతు తన మందలోంచి 15 గొర్రెల్ని తోలుకొచ్చి బళ్ళో పేర్లు రాయించాడు. నేను కల్పించడం లేదు, ప్రపంచమంతా వార్త వచ్చింది. ఊరి మేయర్ దగ్గరుండి జరిపించాడు. ఆ గొర్రెలకి జనన ధృవీకరణ పత్రాలు ఉన్నాయి. చూపించారు కూడా.

ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. కళ్ళు మూస్తే ప్రిఫెక్చర్, అంటే విదేశీయులకి కార్డులిచ్చే జిల్లా ప్రభుత్వ ఆఫీసు, అక్కడి క్యూ కనిపిస్తుంది. నా ముందు ఒక గొర్రె. కౌంటరాయన "బోంజూర్" అంటాడు, గొర్రె ముందే "మే" అనేసింది, మర్యాద తెలిసిన జీవి. పత్రం? ఉంది. ఎప్పుడు పుట్టింది? పోయిన ఫిబ్రవరిలో, అంటే మూడు నెలల లోపు, సహజంగానే, గొర్రెపిల్ల కదా. అడ్రసు? యజమాని కొట్టం, ఆయన బిల్లు ఇదిగో. ఫ్రెంచి భాష? స్థానిక యాస. ఏ పాటలు వచ్చు? ఏ పాటైనా మందలో కలిసి పాడుతుంది, విడిగా గొంతెత్తదు, సమాజంలో కలిసిపోయే గుణం అంటే ఇదే కదా. ముద్ర పడింది. తర్వాతి వాళ్ళు. నేను ముందుకి జరుగుతాను. మస్యూ, మీ ఇంటిపేరు ముందుందా వెనకుందా, మీ పాస్‌పోర్టులో ఒకలా ఉంది, మీ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా ఉంది, మీరు ఇద్దరా? ఇంతలో గొర్రె బయటికి పోతూ వెనక్కి తిరిగి నా వంక చూస్తుంది. జాలిగా.

నవ్వుకున్నాం కదా. ఇక్కడి నుంచి నవ్వు రాదు.

ఇప్పుడు ప్రిఫెక్చర్‌లో క్యూ కూడా లేదు, అంతా ఆన్‌లైన్. రెసిడెన్స్ కార్డు రెన్యువల్‌కి సైట్‌లో అర్జీ పెట్టి కూర్చోవాలి. పాత కార్డు గడువు అయిపోతుంది, కొత్తది రాదు, మధ్యలో ఇవ్వాల్సిన తాత్కాలిక కాగితం రాదు, ఫోన్ ఎవరూ ఎత్తరు. కార్డు లేకపోతే కంపెనీ పనిలో ఉంచుకోదు. ఏళ్ళ తరబడి ఇక్కడే పనిచేసి, పన్ను కట్టి, పిల్లల్ని కని పెంచుతున్నవాడు ఒక కంప్యూటర్ తెర మీద "మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది" అన్న ముక్క చూస్తూ ఉద్యోగం పోగొట్టుకుంటాడు. ఇది నా ఏడుపు కాదు. పౌరుల హక్కులు చూసే ఇక్కడి ప్రభుత్వ సంస్థే 2024 డిసెంబరులో ఆ సైట్ మీద ఒక నివేదిక ఇచ్చింది, హక్కులు భారీగా దెబ్బతింటున్నాయని శీర్షికలోనే రాసింది.

అదే 2024 జనవరిలో వలసల చట్టం ఒకటి వచ్చింది. దాని ప్రకారం 2026 నుంచి నాలుగేళ్ళ కార్డుకి ఏ2 స్థాయి ఫ్రెంచి, పదేళ్ళ కార్డుకి అంతకంటే పై మెట్టు బీ1, పౌరసత్వానికి ఇంకా పై మెట్టు బీ2. మంచిదే, భాష నేర్చుకోవాలి, నేను కాదనను. కానీ అదే బిల్లులో, అదే కాగితాల మధ్యలో, సెనేటర్లు ఇంకో సవరణ పెట్టారు: ఫ్రాన్స్‌లో సెలవుల ఇల్లున్న బ్రిటిష్‌వాళ్ళకి దీర్ఘకాలపు వీసా దానంతటదే వచ్చేయాలని. బ్రెగ్జిట్ తర్వాత పాపం వాళ్ళు కూడా ఏ ఆరు నెలల్లోనైనా తొంభై రోజులకి మించి ఉండకూడదు, వాళ్ళు మోజుపడి ఇళ్ళు కొనుక్కున్న దోర్దోన్ ప్రాంతంలో గులాబీ తోటలకి నీళ్ళు పోసేవాళ్ళు లేరు. ఒక చేత్తో వంటగదుల్లో గిన్నెలు తోమేవాడికి పరీక్ష, ఇంకో చేత్తో ఈత కొలను ఉన్నవాడికి పరుపు. చట్టాలు రాజ్యాంగానికి లోబడి ఉన్నాయో లేదో చూసే రాజ్యాంగ మండలి ఆ సవరణని కొట్టేసింది, అదీ అన్యాయమని కాదు, ఆ బిల్లుకి సంబంధం లేని విషయం ఇరికించారన్న సాంకేతిక కారణంతో. బ్రిటిష్‌వాళ్ళ మీద నాకేం కోపం లేదు. మా వీధి చివర ఒక జంట ఉన్నారు, ఫ్రెంచి నాకంటే అధ్వాన్నంగా మాట్లాడతారు, ఊరంతా వాళ్ళని ముద్దు చేస్తుంది, నేను కూడా చేస్తాను.

కోపం ఎక్కడంటే, ఈ ఊళ్ళన్నీ "చచ్చిపోతున్నాం, మనుషులు కావాలి" అని ఏడుస్తున్నాయి. బడి మూసేస్తున్నారు, పోస్టాఫీసు పోయింది, డాక్టరు లేడు. ఊరి మొదట్లో డాక్టరు కావలెను అని బ్యానర్ కట్టుకున్న ఊళ్ళున్నాయి. మెడిసిన్ సీట్లు ఇన్నే అని 1971లో పరిమితి పెట్టి దాదాపు యాభై ఏళ్ళు నడిపితే డాక్టర్లు ఎక్కడి నుంచి వస్తారు? బయటి నుంచి వచ్చారు. అల్జీరియా, ట్యునీషియా, సిరియాల నుంచి. వాళ్ళ డిగ్రీలు పూర్తిగా గుర్తించకుండా, తక్కువ జీతానికి, ఎప్పటికప్పుడు తెగిపోయే కాంట్రాక్టుల మీద ప్రభుత్వ ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీలు వేయించుకుంటున్నారు. రెగ్యులరైజ్ చేస్తానని 2024 జనవరిలో అధ్యక్షుడు మక్రాన్ స్వయంగా అన్నాడు. ఆ తర్వాత కూడా వాళ్ళు రోడ్డెక్కాల్సి వచ్చింది.

కాలాక్ సంగతి చెప్పాలి. ఫ్రాన్స్ పశ్చిమాన బ్రిటనీ ప్రాంతంలో రెండు వేల పైచిలుకు జనమున్న ఊరు, ఖాళీ అవుతున్న ఊరు. ఊరి పెద్దలే ఆలోచించి, కొన్ని శరణార్థి కుటుంబాల్ని తెచ్చుకుందాం, ఖాళీ ఇళ్ళు నిండుతాయి, బడి నిలబడుతుంది అనుకున్నారు. దేశం నలుమూలల నుంచి తీవ్ర మితవాదులు దిగారు, ఊరేగింపులు, బెదిరింపులు. 2023 జనవరిలో పథకం రద్దు. గొర్రెల ఊరు వేరు, ఈ ఊరు వేరు, నాకు తెలుసు, ఆ రైతు చేసింది నిరసన అనీ తెలుసు. అయినా అడుగుతాను. బడి బల్ల మీద గొర్రె కూర్చుంటే ఫొటో తీసి నవ్వుకున్న దేశంలో, అదే బల్ల మీద ఒక సిరియా పిల్ల కూర్చుంటుందంటే ఎందుకంత వణుకు?

సరిగ్గా రెండు నెలలకి, మార్చిలో, సముద్రం ఒడ్డున సేం-బ్రెవాఁ-లె-పాఁ అనే ఊళ్ళో మేయర్ యానిక్ మొరెజ్ ఇంటి దగ్గర నిప్పు పెట్టారు. ఆయన నేరం ఏమిటంటే శరణార్థుల వసతి కేంద్రాన్ని అడ్డుకోకపోవడం. కార్లు కాలిపోయాయి, ఇంటికీ మంటలంటాయి. ప్రభుత్వం సరిగ్గా కాపాడలేదని మే నెలలో రాజీనామా చేసి, ఊరు కూడా వదిలేస్తానన్నాడు. ఆయన వృత్తి ఏమిటో తెలుసా? డాక్టరు. దేశమంతా డాక్టరు కావలెను అని బ్యానర్లు కట్టుకుంటుంటే, ఉన్న డాక్టరు వాకిట్లో నిప్పు పెట్టారు, సిగ్గులేని వెధవలు. దీనికి వ్యంగ్యం రాయడం నాకు చేతకాదు.

మా ఊరివాళ్ళు అలాంటివాళ్ళు కాదు. పక్కింటి ముసలావిడ తోటలో కాసిన కూరలు గుమ్మంలో పెట్టి పోతుంది. మున్సిపల్ ఆఫీసు సెక్రటరీ, వారంలో రెండు పూటలే తలుపు తెరుస్తుంది గానీ, నా కాగితాలన్నీ తన సొంత ఫైల్లో పెట్టుకుని ప్రిఫెక్చర్ వాళ్ళతో నా తరఫున పోట్లాడుతుంది. మనుషులతో చిక్కు లేదు. మనుషుల్ని నమ్మొద్దు, కాగితాన్నే నమ్మమని పైనుంచి చెప్పేవాళ్ళతోనే.

రివర్స్‌లో ఈ ప్రయాణం చేసినవాడొకడున్నాడు. ఫ్రాన్స్‌లో గాస్కనీ ప్రాంతంలో సెరిన్యాక్ అనే చిన్న ఊళ్ళో 1755లో పుట్టాడు, పేరు రేమండ్. ఇరవై ఏళ్ళకి దుకాణం పెట్టుకుందామని పుదుచ్చేరి వచ్చాడు, అక్కణ్ణుంచి సిపాయిగా మారి హైదరాబాద్ చేరి నిజాం సైన్యంలో పెద్ద జనరల్ అయ్యాడు, గన్‌ఫౌండ్రీ కట్టించాడు. ఆయన్ని ఎవరూ అడ్రసు రుజువు అడిగిన దాఖలా లేదు. ముస్లిములు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు, 1798లో పోతే మలక్‌పేట దగ్గర గుట్ట మీద సమాధి కట్టారు. మూసారాంబాగ్ ఆయన పేరే, ఇప్పుడక్కడ మెట్రో స్టేషన్ కూడా ఉంది. సెరిన్యాక్ పెద్దలు ఒకసారి వచ్చి ఆ బోర్డు కింద నిలబడి ఫొటో దిగాలని నా కోరిక. మేం మా పేర్లు మీ స్టేషన్లకి పెట్టమని అడగడం లేదు, మీ ఊళ్ళల్లో రైలు ఆగడం మానేసి చాలా కాలమైంది కూడా. పోస్టు డబ్బా మీద ఇంటిపేరు రాసుకుంటాం, దాన్ని ఎవరూ గీకేయకుండా చూడండి చాలు.